ఆర్‌సీ ట్రక్కులో బ్యాటరీ: కదలకుండా కట్టడం, కాపాడుకోవడం (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఆర్‌సీ ట్రక్కు (రిమోట్‌తో నడిపే చిన్న ట్రక్కు) కొన్నవాళ్లు మోటారు గురించి అడుగుతారు, స్పీడు గురించి అడుగుతారు, టైర్ల మీద గంటలు గంటలు వాదించుకుంటారు. బ్యాటరీ ఊసు ఎత్తేది మాత్రం అది ఉబ్బిన తర్వాతే. కింది ప్రశ్నలు ఎక్కువగా ట్రాక్సాస్ స్లాష్ లాంటి 1/10 ట్రక్కులు (అసలు బండిలో పదో వంతు సైజు), ఆర్మా క్రాటన్ లాంటి 1/8 బాషర్లు (జంప్‌లు, పల్టీలు కొట్టించే మొరటు ట్రక్కులు) నడిపేవాళ్లకు వచ్చేవి. రాళ్ల మీద మెల్లగా ఎక్కే క్రాలర్ల గురించి కూడా కొంచెం ఉంది.

బ్యాటరీ ట్రేలో కాస్త అటూ ఇటూ కదులుతోంది. అంత పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. ఒక చిన్న లెక్క చూడండి. ట్రక్కు 2 మీటర్ల ఎత్తు నుంచి పడి, సస్పెన్షన్ 5 సెంటీమీటర్లు కుంగి ఆగిందనుకుందాం. ఆ ఆగే క్షణంలో బ్యాటరీ మీద పడే బలం దాని బరువుకు 40 రెట్లు. 3ఎస్ (అంటే మూడు సెల్స్ వరసగా కలిపిన) 5000 ఎంఏహెచ్ లిపో (లిథియం పాలిమర్) ప్యాక్ 400 గ్రాములు ఉంటే, ట్రే మీద 16 కిలోల బరువు వేసినట్టు. ఇది సాఫీగా దిగినప్పటి లెక్క. ఛాసీ నేలకు కొట్టుకుంటే ఇంతకంటే చాలా ఎక్కువ.

ఇక ట్రేలో 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉందంటే, ప్యాక్ ముందు ఆ ఖాళీలో ఊపందుకుని ఆ తర్వాత వెళ్లి గోడను గుద్దుతుంది. ప్రతి జంప్‌కీ, ప్రతి పల్టీకీ ఇదే వరస. ఒక్కసారికి ఏమీ కాదు. కానీ కొన్ని వారాలు గడిచాక ప్యాక్ తీసి వెలుతురులో పట్టుకుని చూస్తే మూలల దగ్గర చుట్టు ప్లాస్టిక్ అరిగి నిగనిగలాడుతూ ఉంటుంది, వైర్లు బయటికొచ్చే చోట లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఆ వైర్లు వచ్చే వైపే సెల్స్‌ను కలిపే పలుచని రేకులు, సోల్డర్ అతుకులు ఉంటాయి కాబట్టి దెబ్బ తగలకూడని చోటు ఏదైనా ఉందంటే అదే. నేను చూసినంతలో పెద్ద క్రాష్‌లో పోయిన బ్యాటరీల కంటే ఇలా రోజూ కొంచెం కొంచెం కొట్టుకుని పోయినవే ఎక్కువ.

కదలడం లేదని ఎలా తెలుస్తుంది?

బాడీ తీసేసి, బ్యాటరీ పెట్టి కట్టి, ట్రక్కును చేత్తో ఎత్తి తలకిందులు చేసి గట్టిగా ఊపండి. టకటక చప్పుడు రాకూడదు. తర్వాత వేలితో ప్యాక్‌ను ముందుకూ పక్కకూ నెట్టండి. ట్రక్కు మొత్తం కదలాలే తప్ప ప్యాక్ ఒక్కటే జరగకూడదు. వేలితో నెడితేనే జరిగేది జంప్‌లో ఆగుతుందా?

హార్డ్ కేస్ కొనాలా, సాఫ్ట్ ప్యాక్ కొనాలా?

గట్టి ప్లాస్టిక్ పెంకు ఉన్నది హార్డ్ కేస్, పలుచని చుట్టు మాత్రమే ఉన్నది సాఫ్ట్ ప్యాక్. జంప్‌లు చేసేవాళ్లయితే, ట్రేలో పట్టేటట్టయితే హార్డ్ కేసే. రేస్ ట్రాకుల్లో కూడా చాలాచోట్ల హార్డ్ కేస్ ఉంటేనే రానిస్తారు. గులకరాయి వచ్చి తగిలినా, స్క్రూ తల గుచ్చుకున్నా ముందు ఆ పెంకు ఆపుతుంది.

కానీ పెంకు ఉందని నిశ్చింతగా ఉండకండి. లోపల సెల్ ఉబ్బుతుంటే సాఫ్ట్ ప్యాక్‌లో వెంటనే తెలిసిపోతుంది, హార్డ్ కేస్‌లో తెలియదు. కేస్ అతుకు దగ్గర సన్నగా నోరు తెరుచుకోవడం, నిన్నటిదాకా హాయిగా దిగిన ప్యాక్ ఇవాళ ట్రేలో బిగుసుకోవడం, బల్ల మీద పెడితే అటూ ఇటూ ఊగడం, ఇవే ఆనవాళ్లు. ఇంకోటి, హార్డ్ కేస్ అంటే వాటర్‌ప్రూఫ్ కాదు.

6ఎస్ ట్రక్కులకు దొరికే పెద్ద ప్యాక్‌లలో సాఫ్ట్‌వి చాలానే ఉంటాయి. అవి వాడితే ట్రే అడుగున పొడుచుకొచ్చిన స్క్రూ తలలు, ప్లాస్టిక్ ముక్కలు, ఇరుక్కున్న రాళ్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూసి, అడుగున ఒక పలుచని రబ్బరు షీటు వేయండి.

ఖాళీ పూడ్చడానికి ఏం పెట్టాలి? థర్మాకోల్ సరిపోతుందా?

థర్మాకోల్ వద్దు. నాలుగు జంప్‌లకే పొడిపొడి అవుతుంది, వేడికి కుంచించుకుపోతుంది, నిప్పు తగిలితే కరిగి మండుతుంది. సోఫాలో వాడే మెత్తటి స్పాంజీ కూడా పనికిరాదు, అది నీళ్లు తాగుతుంది, పైగా వేలితో నొక్కితేనే అణిగిపోయేది 16 కిలోలను ఏం ఆపుతుంది.

కావలసింది కాస్త గట్టిగా, నొక్కి వదిలితే మళ్లీ లేచే ఈవీఏ ఫోమ్. దానికోసం ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టక్కర్లేదు. పాత యోగా మ్యాట్, పాత చెప్పుల అడుగు, పిల్లల గదిలో వేసే రంగురంగుల ఫోమ్ పలకలు, అన్నీ పనికొస్తాయి. ఖాళీ కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ మందంగా కోసుకుంటే బొటనవేలితో నొక్కి దూర్చినప్పుడు బిగుతుగా కూర్చుంటుంది. సుత్తితో కొట్టి దించాల్సినంత బిగుతు మాత్రం వద్దు, లిపో సెల్స్‌ను పక్కల నుంచి పిండకూడదు.

ఇక్కడ చాలామంది అతి చేస్తారు. నాలుగు వైపులా, పైనా కిందా ఫోమ్ చుట్టేసి పెట్టెలో గాజు సామాను సర్దినట్టు సర్దుతారు. ఫోమ్ వేడిని బయటికి పోనివ్వదు. రెండు కొసల దగ్గర, అవసరమైతే ఒక పక్క పెట్టి, పైభాగానికి గాలి తగలనివ్వండి.

వెల్క్రో స్ట్రాప్ ఎంత గట్టిగా లాగాలి?

హార్డ్ కేస్ అయితే గట్టిగా లాగొచ్చు. సాఫ్ట్ ప్యాక్ అయితే స్ట్రాప్ అంచు ప్యాక్‌లోకి దిగి గీత పడేంత లాగకండి. అందుకే సన్న స్ట్రాప్ కంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నది మేలు. ఒక్కదాన్ని చచ్చేట్టు బిగించే బదులు రెండింటిని కాస్త దూరం దూరంగా వేస్తే ప్యాక్ ఎక్కువ సుఖపడుతుంది.

అసలు స్ట్రాప్ పని ప్యాక్‌ను పైకి లేవకుండా పట్టుకోవడం. ముందుకూ వెనక్కూ జారకుండా ఆపడం దాని వల్ల కాదు. ఆ పని ట్రే గోడలు, ఫోమ్ చేయాలి. గోడలు సరిగ్గా లేని ట్రే అయితే అడుగున జారని రబ్బరు మ్యాట్ ముక్క, వంటింటి అలమారా అరల్లో వేస్తారే చిల్లులు చిల్లులుగా ఉండేది, అదొకటి కోసి వేయండి. తేడా అప్పుడే తెలుస్తుంది.

వెల్క్రోలో దుమ్ము, గడ్డి పరకలు ఇరుక్కుంటే పట్టు పోతుంది. పాత టూత్‌బ్రష్‌తో గీకండి, అప్పటికీ పట్టకపోతే మార్చేయండి. దాని ఖరీదెంత, బ్యాటరీ ఖరీదెంత.

జిప్ టైలతో కట్టేస్తే? డబుల్ సైడ్ టేపు? రబ్బరు బ్యాండ్లు?

జిప్ టై అంచు పదును, బిగిస్తే సాఫ్ట్ ప్యాక్‌ను కోస్తుంది. అంతకంటే ముఖ్యం, ప్యాక్ వేడెక్కి వాసన వస్తున్నప్పుడు కత్తెర వెతుక్కుంటూ కూర్చోవాలి. ఏది కట్టినా ఒక్క చేత్తో, ఒక్క లాగుడుకు ఊడేలా ఉండాలి. స్ట్రాప్ కొసను మోటారు, గేర్ల వైపు కాకుండా బయటి వైపు వదలండి.

టేపు ఎండకు జిగురు వదిలేస్తుంది, తీసేటప్పుడు ప్యాక్ చుట్టును చింపుతుంది. రబ్బరు బ్యాండ్లు వద్దు.

ట్రేలో పట్టని పెద్ద బ్యాటరీ కొనేశాను. ట్రే గోడ కోసేయొచ్చా?

కోయొచ్చు, కానీ కోసినచోట గోడ చేసే పని ఇంకేదో చేయాలి. ప్యాక్‌ను పైనుంచి పట్టుకునే ప్లాస్టిక్ పట్టీకి క్లిప్పు పడకపోతే ఆ పట్టీని తీసేసి స్ట్రాప్ వేసుకోవచ్చు. గోడ కోసి అలాగే వదిలేస్తే మాత్రం మొదటి ప్రశ్నకే వచ్చినట్టు. ఈసారి కొనేముందు ట్రే పొడవు, వెడల్పు, ఎత్తు స్కేలుతో కొలిచి, ప్యాక్ కొలతల్లో వైర్లు వంగే చోటుకు ఇంకో సెంటీమీటరు కలుపుకుని చూసుకోండి. ఎంఏహెచ్ ఎక్కువని కొన్నది బరువు కూడా ఎక్కువ ఉంటుంది, ఆ బరువే జంప్‌లో మీకు ఎదురు తిరిగేది.

వైర్ల సంగతేంటి? బ్యాలెన్స్ లీడ్ ఎక్కడ పెట్టాలి?

మంచి ప్రశ్న, దీన్ని ఎవరూ అడగరు. లావు వైర్లు రెండింటికీ కనెక్టర్ దగ్గర కాస్త వదులు ఉండాలి. ప్యాక్ చిటికెడు కదిలినా ఆ లాగుడు సోల్డర్ అతుకు మీద పడకూడదు. అలాగని చేంతాడంత వదిలితే అది వెళ్లి సెంటర్ షాఫ్ట్‌కో స్పర్ గేర్‌కో చుట్టుకుంటుంది. గేరు వైరు తొడుగును కోసి ప్లస్, మైనస్ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బ్యాలెన్స్ లీడ్ (ఒక్కో సెల్‌ను విడిగా చూడటానికి ఛార్జర్‌కు పెట్టే తెల్ల కనెక్టరు) వైర్లు వెంట్రుకల్లా ఉంటాయి కానీ అవీ నేరుగా సెల్స్‌కే వెళ్తాయి. అవి తాకినా షార్టే. మడిచి స్ట్రాప్ కిందో ప్యాక్ పక్కనో పెట్టి, తెల్ల కనెక్టరు మూతికి చిన్న రబ్బరు తొడుగో టేపు ముక్కో వేయండి. ఛార్జర్ నుంచి పీకేటప్పుడు వైర్లు పట్టుకుని లాగొద్దు, ప్లాస్టిక్ తలను పట్టుకుని లాగండి.

కనెక్టర్ మార్చుకుంటుంటే ప్యాక్ వైర్లను రెండింటినీ ఒకేసారి కోయకండి. ఒకటి కోసి, సోల్డర్ చేసి, తొడుగు వేసి, ఆ తర్వాతే రెండోది. కత్తెర రెండు వైర్లనూ కలిపిందంటే కత్తెర నోరే కరిగిపోతుంది.

6ఎస్ కలిపేటప్పుడు టప్‌మని నిప్పురవ్వ వస్తోంది. బ్యాటరీ పాడవుతోందా?

బ్యాటరీకి ఏం కాదు. ఈఎస్‌సీలో (మోటారు స్పీడును అదుపు చేసే పెట్టెలో) ఉన్న కెపాసిటర్లు ఒక్కసారిగా నిండుతున్న చప్పుడది. కనెక్టరు పిన్నులు మాత్రం నల్లబడి గుంటలు పడతాయి. ఎక్స్‌టీ90-ఎస్ అనే రకంలో లోపల చిన్న రెసిస్టర్ ఉంటుంది, దాంతో ఆ నిప్పురవ్వ పోతుంది.

రెండు 3ఎస్ ప్యాక్‌లు కలిపి వాడొచ్చా?

ట్రక్కు అందుకు తయారైతే వాడొచ్చు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఎంఏహెచ్, ఒకే వయసువి అయి ఉండాలి, రెండూ ఫుల్‌గా ఛార్జ్ అయి ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే పాతది ముందే ఖాళీ అయిపోతుంది, కొత్తది దాన్ని ఇంకా కిందికి ఈడ్చేస్తుంది. రెండు ప్యాక్‌ల మీదా ఒకే గుర్తు రాసిపెట్టుకుని ఎప్పుడూ జంటగానే వాడండి.

లో వోల్టేజ్ కటాఫ్ ఉందిగా, ఇంకా చూసుకోవాలా?

లో వోల్టేజ్ కటాఫ్ అంటే బ్యాటరీ బాగా దిగిపోతే ఈఎస్‌సీ మోటారును ఆపేయడం. ముందు అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఎక్స్‌ఎల్-5 ఈఎస్‌సీ ఉన్న స్లాష్‌లో స్విచ్ వేయగానే ఆకుపచ్చ లైటు వెలిగితే కటాఫ్ ఆన్‌లో ఉన్నట్టు, ఎర్ర లైటు వెలిగితే లేనట్టు. నికెల్ బ్యాటరీతో వచ్చిన ట్రక్కులో లిపో పెట్టి ఎర్ర లైటుతోనే నడిపేసి, రెండు వారాల్లో ప్యాక్ పోయిందని దుకాణం వాడి మీద అరిచేవాళ్లు చాలామంది.

లిపో సెల్ నిండితే 4.2 వోల్టులు, మామూలుగా 3.7, ఎట్టి పరిస్థితుల్లోనూ 3.0 కిందికి దిగకూడదు. నా మటుకు నేను 3.4 దగ్గరే ఆపేస్తాను. ఈఎస్‌సీ చాలావరకు మొత్తం వోల్టేజీనే చూస్తుంది, ఒక్కో సెల్‌ను విడిగా చూడదు. 3ఎస్‌లో రెండు సెల్స్ 3.6 దగ్గర ఉండి ఒకటి 2.9కి పడిపోయినా మొత్తం 10.1, అంతా బాగానే ఉందనుకుంటుంది. అందుకే బ్యాలెన్స్ లీడ్‌కు తగిలించే చిన్న వోల్టేజ్ చెకర్ ఒకటి జేబులో ఉండాలి. బాగా లోతుకు పడిపోయిన సెల్ లోపల రాగి రేకు కరగడం మొదలవుతుంది, మళ్లీ ఛార్జ్ పెట్టినప్పుడు ఆ రాగి వేరేచోట పేరుకుని లోపలే షార్ట్ అవ్వొచ్చు. కాబట్టి చచ్చిన సెల్‌ను ఏవో చిట్కాలతో బతికించే వీడియోలు చూసి ప్రయోగాలు చేయకండి.

ఆడటం అయ్యాక ఈఎస్‌సీ స్విచ్ ఆపి వదిలేస్తే సరిపోదు. చిన్న కరెంటు కారుతూనే ఉంటుంది. ప్లగ్ పీకండి.

మన ఎండలకు బ్యాటరీ తట్టుకుంటుందా?

మే నెలలో హైదరాబాద్‌లో, విజయవాడలో మధ్యాహ్నం 42, 43 డిగ్రీలుంటే ప్యాక్ అప్పటికే సగం వేడెక్కి ఉంటుంది. అమెరికాలోనో యూరప్‌లోనో తీసిన వీడియోలో వాళ్లు ఆపకుండా రెండు ప్యాక్‌లు వరసగా కొట్టేస్తే మనం కూడా కొట్టాలని లేదు. నడిపాక ప్యాక్ 60 డిగ్రీలు దాటకూడదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే దాంతో చూడండి. లేకపోతే చెయ్యి పెట్టి చూడండి, పట్టుకోలేకపోతే దాటినట్టే. ప్రతిసారీ అంత వేడెక్కుతుంటే గేరింగ్ మార్చాలి, లేదా ఎక్కువ సీ రేటింగ్ (అంటే ఎక్కువ కరెంటు ఇవ్వగల) ప్యాక్ కావాలి.

బాడీ వెనక భాగంలో గాలి బయటికి పోయే కంత ఒకటి కోయండి, చాలా సాయం చేస్తుంది. పొద్దున్నో సాయంత్రమో ఆడండి. ఎండలో పార్క్ చేసిన కారులో ప్యాక్ వదిలి టిఫిన్‌కు వెళ్లడం మాత్రం వద్దే వద్దు. నడిపిన వెంటనే వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ కూడా పెట్టకండి, మామూలుగా లిపోల ఛార్జింగ్ పరిమితి 45 డిగ్రీలు.

వైజాగ్ బీచ్‌లో నడపొచ్చా? వానలో?

ట్రక్కు ఎలక్ట్రానిక్స్ వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా అది మంచినీళ్ల మాట. ఉప్పునీళ్లు కరెంటును చక్కగా మోస్తాయి, కనెక్టర్లను రెండు రోజుల్లో పచ్చబరుస్తాయి. తడి ఇసుకకు దూరంగా, పొడి ఇసుకలో నడపండి. ఇంటికొచ్చాక బ్యాటరీ తీసి, ట్రేలో చేరిన ఇసుకను బ్రష్‌తో పూర్తిగా దులపండి, ఎందుకంటే ప్యాక్ కింద ఇసుక ఉంటే అది గరుకు కాగితమే. వానలో తడిస్తే ప్యాక్‌ను బయటకు తీసి తుడిచి, నీడలో ఆరబెట్టండి. హార్డ్ కేస్‌లోకి నీళ్లు దిగాయనిపిస్తే ఆరేదాకా ఛార్జింగ్ వద్దు.

గట్టి క్రాష్ అయింది. పైకి బాగానే ఉంది. మళ్లీ నడపనా?

ప్లగ్ పీకి, ప్యాక్ బయటికి తీసి, మంట అంటుకోని చోట, అంటే సిమెంటు గచ్చు మీదో ఇసుక మీదో పెట్టి ఒక అరగంట చూడండి. లోపల దెబ్బ తగిలిన సెల్ అప్పటికప్పుడే కాకుండా కాసేపాగి వేడెక్కవచ్చు. తీపి తీపిగా, నెయిల్ పాలిష్ తీసే ద్రవంలా వాసన వస్తే ఎలక్ట్రోలైట్ కారుతున్నట్టు, ఇక ఆ ప్యాక్ పని అయిపోయింది. వాసన లేదు, వేడి లేదు, సెల్ వోల్టేజీలు క్రాష్ ముందున్నట్టే ఉన్నాయి అంటే వాడుకోవచ్చు. మొదటిసారి ఛార్జ్ పెట్టేటప్పుడు మాత్రం పక్కనే ఉండండి.

కొంచెం ఉబ్బింది. సూదితో గాలి తీసేస్తే?

అయ్యా, వద్దు. లోపల ఉన్నది ఉత్త గాలి కాదు, మండే ద్రావణాల ఆవిరి, పొడిస్తే సెల్ పొరలు కూడా షార్ట్ అవుతాయి. ఉబ్బిన ప్యాక్‌ను ట్రేలో అదిమి కట్టడం కూడా వద్దు.

దాన్ని వదిలించుకునేటప్పుడు ఆరుబయట, 3ఎస్ వరకైతే 12 వోల్టుల కారు హెడ్‌లైట్ బల్బు కలిపి పూర్తిగా ఖాళీ చేయండి, బాగా ఉబ్బి వేడిగా ఉంటే దాన్నీ ముట్టుకోకండి. ఉప్పునీళ్లలో నానబెట్టే పద్ధతి చాలామంది చెప్తారు కానీ కనెక్టరు తుప్పు పట్టిపోయి సెల్‌లో ఛార్జ్ అలాగే మిగిలిపోతుంది. ఖాళీ అయ్యాక కొసలకు టేపు వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా వీటిని ఇంటి చెత్తలో కలపకూడదు. చెత్త బండిలో పడి నలిగితే మంట అంటుకునేది ఆ బండికే.

ఛార్జింగ్, దాచిపెట్టడం ఎలా? మధ్యలో కరెంటు పోతే?

5000 ఎంఏహెచ్ ప్యాక్‌కు 5 ఆంపియర్లు, బ్యాలెన్స్ మోడ్‌లో. మంచం మీద, సోఫా మీద, చెక్క అలమారాలో కాదు. నలుగురూ పడుకున్నాక కాదు. కరెంటు పోయి వస్తే చాలా ఛార్జర్లు ఆగిపోయి ఉంటాయి, మళ్లీ మొదలుపెట్టేముందు సెల్ కౌంటు, మోడ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి.

రెండు మూడు రోజుల్లో ఆడకపోతే స్టోరేజ్ మోడ్‌లో పెట్టి సెల్‌కు 3.8 నుంచి 3.85 వోల్టుల దగ్గర ఉంచండి. ఫుల్‌గా నింపి వర్షాకాలమంతా అటక మీద పెడితే ఉబ్బి కూర్చుంటుంది. లిపో బ్యాగ్ (ప్యాక్‌లు పెట్టే మంట తట్టుకునే సంచి) మంటను కొంత ఆపుతుంది, పొగను ఆపదు. ఇనప పెట్టె వాడితే మూత రబ్బరు సీలు తీసేయండి, లేకపోతే గ్యాస్ పోయే దారి లేక పెట్టే పేలుతుంది. పెద్ద మట్టి కుండీ, పైన బోర్లించడానికి ఇంకోటి, పక్కన ఒక బకెట్ పొడి ఇసుక, ఇదీ బాగానే పనిచేస్తుంది.

నిజంగా పొగ వస్తే?

ట్రక్కును కాపాడే ఆలోచన మానేయండి. పొగ మొదలవకముందే వేడి, వాసన తెలిస్తే స్ట్రాప్ లాగి, ప్లగ్ పీకి ప్యాక్‌ను ఖాళీ జాగాలో పడేయొచ్చు. పొగ వచ్చాక దగ్గరికి పోకండి, ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. ఇంట్లో అయితే అందరినీ బయటికి పంపి, మంట పాకేలా ఉంటే 101కి ఫోన్ చేయండి. దూరం నుంచి ఇసుకో, ఎక్కువ నీళ్లో పోయొచ్చు. ఒక సెల్ ఆరినా పక్క సెల్ తర్వాత అంటుకుంటుంది, కాబట్టి ఆరాక కూడా కొన్ని గంటలు బయటే ఉంచండి.

అమెరికా నుంచి వచ్చే వాళ్లతో బ్యాటరీ తెప్పించుకోవచ్చా?

విడి లిథియం ప్యాక్‌లు చేతి సామానులోనే, చెకిన్‌లో కుదరదు. వోల్టులను ఆంపియర్ అవర్లతో హెచ్చవేస్తే వాట్ అవర్లు. 3ఎస్ 5000 అయితే 55.5, 4ఎస్ 5000 అయితే 74. 100 లోపు మామూలుగా ఇబ్బంది లేదు. 6ఎస్ 5000 అయితే 111, అంటే 100 నుంచి 160 మధ్య పడుతుంది, ముందే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, రెండు మించకూడదు. కొసలకు టేపు వేసి ఒక్కోదాన్ని వేరే కవర్లో పెట్టమనండి. ఎయిర్‌లైన్ నిబంధనలు బయల్దేరేముందు ఒకసారి చూసుకోమనండి.

నాది క్రాలర్. జంప్‌లు లేవు. ఇవన్నీ అవసరమా?

దెబ్బలు తక్కువే, కానీ మీ ట్రక్కు గంటల తరబడి ఏటవాలుగా, పక్కకు ఒరిగి ఉంటుంది. ప్యాక్ మెల్లగా జారి ముందు షాఫ్ట్ మీదికో, స్టీరింగ్ సర్వో మీదికో వస్తుంది. చిన్న ప్యాక్‌ను కిందికి, ముందుకు పెడితే ఎక్కుడు కూడా బాగుంటుంది. ఒక స్ట్రాప్, కింద జారని మ్యాట్ చాలు.

పిల్లలకు ట్రక్కు ఇవ్వాలి. ఏ బ్యాటరీ?

7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్. బరువెక్కువ, స్పీడ్ తక్కువ, కానీ మొరటుగా వాడినా ఓర్చుకుంటుంది. ట్రేలో కదలకుండా కట్టడం దానికీ వర్తిస్తుంది, షార్ట్ అయితే అదీ వైర్లను కాల్చేస్తుంది. ప్లగ్ పెట్టడం పిల్లలకు నేర్పండి, ఛార్జింగ్ మాత్రం మీరే పెట్టండి. ఛార్జర్ మీద నికెల్ మోడ్‌లో ఉందో లిపో మోడ్‌లో ఉందో ప్రతిసారీ చూడండి, లిపోను నికెల్ మోడ్‌లో పెడితే ఛార్జర్ 4.2 దగ్గర ఆగదు.